శనక్కాయకు మూడు రకాల ఎరువులు: ఏది, ఎప్పుడు, ఎంత?

గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగా, గుబురుగా, కంటికి ఇంపుగా ఉంటుంది. మొక్క పీకి చూస్తే మాత్రం కాయల్లో మూడో వంతు లొట్టలు. వేలితో నొక్కితే టప్పున పగులుతుంది, లోపల గింజ ఉండదు, ఉన్నా ముడుచుకుపోయి ఉంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా రైతులకు ఇలాంటి చేలు కొత్త కాదు. వాన ముఖం చాటేసింది కాబట్టి ఇలా అయిందని సరిపెట్టుకుంటాం. చాలా ఏళ్ళు అది నిజమే. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే సీమ మనది. కానీ వానలు బాగా కురిసిన ఏడాది కూడా లొట్టలు తగ్గలేదంటే వానను తిట్టి లాభం లేదు, చేనుకు మనం ఏం వేశామో చూసుకోవాలి.

వేరుశనగకు పశువుల ఎరువు, జీవన ఎరువు, రసాయన ఎరువు మూడూ కావాలని అధికారులు చెబుతూనే ఉంటారు. వినీ వినీ అది పాత పాటైపోయింది. ఎందుకు మూడూ కావాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఒకటి చేసే పని ఇంకొకటి చెయ్యలేదు, అందుకని. ఆ పనులేమిటో తెలిస్తే, చేతిలో డబ్బు తక్కువున్న ఏడాది దేన్ని తగ్గించుకోవచ్చో, దేన్ని తగ్గించకూడదో మీరే తేల్చుకోగలరు.

డి.ఏ.పి. మూటతోనే ఆగిపోవద్దు

విత్తేముందు ఎకరాకు ఒక మూట డి.ఏ.పి. వెయ్యడం మనలో చాలామందికి అలవాటు. 2025 నాటికి 50 కిలోల మూట గరిష్ఠ ధర 1,350 రూపాయలు. ఆ మూటలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వర్షాధార వేరుశనగకు ఎకరాకు సిఫారసు చేసింది 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. లెక్క చూడండి. భాస్వరం 7 కిలోలు ఎక్కువే పడుతోంది, పొటాష్ అసలే లేదు. కాయకు, నూనెకు అవసరమైన కాల్షియం, గంధకం కూడా డి.ఏ.పి.లో లేవు.

అదే భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో వేస్తే సంగతి వేరు. 100 కిలోల సూపర్‌లో, అంటే రెండు మూటల్లో, సరిగ్గా 16 కిలోల భాస్వరం వస్తుంది. దాంతోపాటు సుమారు 11 కిలోల గంధకం, అంతకన్నా ఎక్కువే కాల్షియం విడిగా డబ్బు పెట్టకుండానే నేలలో పడతాయి. దీనికి 18 కిలోల యూరియా, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిపితే వర్షాధార చేనుకు పూర్తి మోతాదు. బోరు కింద వేసే పంటకైతే యూరియా మరో 9 కిలోలు, నెల రోజులప్పుడు వేసుకోవాలి. భాస్వరం, పొటాష్ మోతాదులు మారవు.

సూపర్ దుమ్ముగా ఉంటుందని, రెండు మూటలు మొయ్యాలని, ఒక్కోసారి అంగట్లో దొరకదని రైతులు డి.ఏ.పి. వైపు పోతారు. దొరకని మాట నిజమే. డి.ఏ.పి. ఒక్కటే చేతికొస్తే మూట మొత్తం ఒక ఎకరాకే పొయ్యకండి. 35 కిలోలు చాలు, దానికి 4 కిలోల యూరియా కలిపితే నత్రజని, భాస్వరం రెండూ సరిపోతాయి. అయితే ఆ చేనుకు జిప్సం వెయ్యకుండా మాత్రం వదలొద్దు.

యూరియా ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు. కట్టె పెరుగుద్ది, కాయ తగ్గుద్ది. వేరుశనగ తన నత్రజనిని తానే వేరు బుడిపెల్లో తయారుచేసుకునే పంట. మొలిచిన మూడు నాలుగు వారాల దాకా, బుడిపెలు పని మొదలుపెట్టే వరకు మాత్రమే దానికి మన సాయం కావాలి. ఆపైన కూడా యూరియా పోస్తూ ఉంటే మొక్క బుడిపెలు పెట్టడం తగ్గిస్తుంది. ఊరికే వస్తుంటే కష్టపడేదెవరు?

ఎరువు విత్తనానికి తగలకుండా చూసుకోవడం ఇంకో సంగతి. యూరియా, పొటాష్ గింజను ఆనుకుని పడితే మొలక మాడిపోతుంది. ఆఖరి దుక్కిలో చల్లి కలియదున్నడమో, ఎరువు గొట్టమున్న గొర్రుతో గింజకు పక్కగా, రెండంగుళాల కింద పడేట్టు వెయ్యడమో చెయ్యాలి.

చేనులో మిగిలేదేమిటి?

వేరుశనగకు ఒక చిక్కుంది. జొన్న కోస్తే వేరు, మోడు చేనులో మిగులుతాయి. కంది అయితే ఆకు రాలుతుంది. శనక్కాయ చెట్టును వేరుతో సహా పీకేస్తాం. కట్టె పశువుల కొట్టంలోకి, కాయ మార్కెట్‌కు, పొట్టు మిల్లుకు పోతాయి. చేనుకు తిరిగొచ్చేది దాదాపు ఏమీ లేదు. ఇలా ఏటా ఒకే పంట వేసిన ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని చేలే ఎక్కువ. అలాంటి నేల వాన పడితే గట్టిపడి అట్టకడుతుంది. పదును నాలుగు రోజులు కూడా నిలవదు. ఊడ నేలలోకి దిగలేక పైనే ఎండిపోతుంది. రసాయన ఎరువు ఎంత పోసినా ఈ జబ్బుకు అది మందు కాదు.

రేకులకుంట మెట్ట పరిశోధన కేంద్రంలో 1985 నుంచి ఒకే నేలలో, ఏటా ఒకే రకం ఎరువులు వేసి వేరుశనగ పండించి చూశారు. సిఫారసు చేసిన రసాయన ఎరువులో సగమే వేసి, దానికి హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు గాని, పశువుల ఎరువు గాని కలిపిన మడులు, పూర్తి మోతాదు రసాయన ఎరువు వేసిన మడికి దిగుబడిలో తీసిపోలేదు. పైగా నేలలో కర్బనం పెరిగింది. హెక్టారుకు 4 టన్నులంటే ఎకరాకు 1600 కిలోలు. రసాయన ఎరువులో సగమంటే మన లెక్కలో 9 కిలోల యూరియా, ఒక మూట సూపర్, 16 కిలోల పొటాష్. ఇది ఒక్క ఏడాదిలో వచ్చే ఫలితం కాదు, ఏటా వేస్తూ పోతే వచ్చేది. మొదటి ఏడాదే రసాయన ఎరువు సగానికి తగ్గించి దిగుబడి పడిపోయిందని బాధపడకండి. ఎరువు వేసిన చేనులో రెండు మూడేళ్ళు పోయాక మెల్లగా తగ్గించుకోవచ్చు.

ఎకరాకు 4 నుంచి 5 టన్నుల పశువుల ఎరువని పుస్తకాల్లో ఉంటుంది. ఎద్దులే లేని ఇళ్ళలో అంత ఎక్కడిది? ఉన్నంతలో ఏం చెయ్యొచ్చో చూద్దాం.

గొర్రెల కాపర్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. వేసవిలో చేనులో మంద కట్టించడం పాత పద్ధతే అయినా దాన్ని మించింది లేదు. పెంటతోపాటు మూత్రం కూడా నేలలోనే ఇంకుతుంది, బండి బాడుగ ఉండదు. మంద లేచిపోయిన వెంటనే ఒక సాలు దున్నెయ్యండి, ఎండకు సారం పోకుండా ఉంటుంది.

కాయ ఒలిపించినప్పుడు పొట్టును మిల్లువాడికి వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకోండి. పొట్టు తొందరగా చివకదు కాబట్టి విత్తే రోజున కాకుండా వేసవి దుక్కుల్లోనే చల్లి కలపాలి. కాండం కుళ్ళు, మొదలు కుళ్ళు వచ్చిన చేని పొట్టయితే నేరుగా వెయ్యొద్దు, గుంతలో వేసి బాగా చివికిన తర్వాతే వాడండి.

ఎరువు మరీ కొంచెమే ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. ఎకరాకు వెయ్యాల్సిన సూపర్ ఫాస్ఫేట్‌ను 300 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి, కొంచెం తడిపి, నీడలో కుప్ప పోసి నెల రోజులు మగ్గబెట్టండి. భాస్వరం నేలలో బిగుసుకుపోకుండా మొక్కకు అందే తీరులో ఉంటుంది. ఈ కుప్పను విత్తేటప్పుడు సాళ్ళలో వేసుకుంటే కొంచెం ఎరువైనా పనికొచ్చే చోట పడుతుంది.

ఒక్క జాగ్రత్త. పచ్చి పేడను, సగం చివికిన ఎరువును చేనుకు తోలొద్దు. వేరుపురుగు, చెదలు దాంతోపాటే వస్తాయి. ఎరువుకు పెట్టిన డబ్బు పోగా పురుగుమందుకు మళ్ళీ పెట్టాల్సొస్తుంది.

రైజోబియం పట్టించేటప్పుడు

జీవన ఎరువులంటే చాలామందికి నమ్మకం లేదు. "పొడి కలిపినాం, ఏమీ కనపడలేదు" అంటారు. కనపడకపోవడానికి కారణాలున్నాయి. ఏళ్ళ తరబడి శనక్కాయ వేస్తున్న చేనులో వేరు బుడిపెలు కట్టే బాక్టీరియా ఎంతో కొంత ముందే ఉంటుంది, కాబట్టి అక్కడ తేడా తక్కువే. వరి కోసిన మడిలో గాని, కొత్తగా శనక్కాయ వేస్తున్న చేనులో గాని తేడా బాగా తెలుస్తుంది. అలాంటి చోట రైజోబియం తప్పకుండా వాడాలి. పాత చేనులోనైనా ఎకరా విత్తనానికి కావాల్సింది 200 గ్రాములే, పెద్ద ఖర్చేమీ కాదు.

మీ చేనుకు అవసరమో లేదో తేల్చుకోవాలంటే 35, 40 రోజుల మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్ళలో ముంచి కడగండి. వేర్లకు బుడిపెలు బాగా ఉన్నాయా? నాలుగింటిని గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా, గులాబి రంగులో ఉంటే అవి పనిచేస్తున్నట్టు. తెల్లగానో, పచ్చగానో ఉంటే బుడిపెలు ఉన్నా లేనట్టే.

పట్టించడంలోనే చాలామంది దెబ్బతింటున్నారు. శనగ గింజ తొక్క ఉల్లిపొర లాంటిది. ఎక్కువ తడిపి, గట్టిగా రుద్దితే తొక్క ఊడిపోయి మొలక శాతం పడిపోతుంది. బెల్లం నీళ్ళు గాని, చల్లారిన గంజి గాని గింజకు జిగురు అంటేంత మాత్రమే వాడాలి. పట్ట మీద విత్తనాలు పల్చగా పరిచి, జిగురు చిలకరించి, పొడి చల్లి, అరచేతులతో మెల్లగా పైకీ కిందికీ తిప్పండి. నీడలో అరగంట ఆరబెట్టి అదే రోజు విత్తెయ్యాలి.

తెగుళ్ళ మందు కూడా పట్టించాల్సి ఉంటే వరుస తప్పొద్దు. ముందు మాంకోజెబ్ కిలో విత్తనానికి 3 గ్రాములు గాని, టెబుకోనజోల్ ఒక గ్రాము గాని పట్టించి ఆరబెట్టాలి. రైజోబియం అన్నిటికన్నా చివర, విత్తడానికి ముందు. రెండూ ఒకేసారి కలిపేస్తే బాక్టీరియా అక్కడికక్కడే చస్తుంది.

భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా పొడిని, అంటే ఫాస్ఫోబాక్టీరియాను, ఎకరాకు 2 కిలోలు తీసుకుని 50 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి ఆఖరి దుక్కిలో చల్లాలి. ఏళ్ళ తరబడి డి.ఏ.పి. పోసిన నేలల్లో భాస్వరం బిగుసుకుని నిలవ ఉంటుంది, దాన్ని కదిలించేది ఇదే. కుళ్ళు తెగుళ్ళు ఏటా వచ్చే చేలకు ట్రైకోడెర్మా కూడా వెయ్యొచ్చు. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి నీడలో కుప్ప పోసి, గోనెపట్ట కప్పి, రోజూ కొంచెం నీళ్ళు చిలకరిస్తూ వారం పది రోజులు ఉంచితే కుప్పంతా బూజు పాకుతుంది. అప్పుడు పదునులో చల్లాలి. ఈ పొడులను యూరియా, సూపర్, పొటాష్‌లతో ఒకే కుప్పగా కలపొద్దు.

పొట్లం కొనేటప్పుడు తయారైన తేదీ, గడువు తేదీ, ఏ పంట కోసమో చదవండి. కంది రైజోబియం శనక్కాయకు అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. లోపల ఉన్నది ప్రాణమున్న సరుకు. అంగడి ముందు ఎండలో వేలాడదీసిన పొట్లం తేవద్దు, తెచ్చింది రేకుల ఇంట్లో ఎండ తగిలేచోట పెట్టొద్దు.

జిప్సం వెయ్యాల్సింది ఊడ దిగే వేళ

లొట్టకాయల సంగతి ఇప్పుడు చెప్పుకుందాం. మిగతా పోషకాలు వేరు తీసుకుని ఆకుకు, ఆకు నుంచి కాయకు పంపుతుంది. కాల్షియం అలా కాదు. వేరు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు ఎక్కుతుంది, అక్కడే ఉండిపోతుంది, కిందికి దిగి కాయకు రాదు. నేలలో ఉన్న ఊడ, ఎదిగే కాయ తమకు కావాల్సిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి తామే నేరుగా పీల్చుకోవాలి. అంటే పైన రెండంగుళాల మట్టిలో కాల్షియం ఉండాలి, దాన్ని కరిగించే తడి ఉండాలి. ఆకు పచ్చగా ఉండి కాయ లొట్ట కావడంలోని గుట్టు ఇదే. ఆకు మీద చల్లే టానిక్కులు కాయకు కాల్షియం అందించలేవు. డీలర్లు ఎరువుతో పాటు సీసా కూడా తీసుకోవాలని బలవంతపెడితే ఈ మాట గుర్తుంచుకోండి.

మోతాదు ఎకరాకు 200 కిలోలు, అంటే 50 కిలోల మూటలు నాలుగు. ఒక మూట విదిలించి జిప్సం వేశామనుకునేవాళ్ళే ఎక్కువ. విత్తిన 30 రోజులకు, తొలిపూత కనిపించి కలుపు తీసే వేళ, మొక్కల మొదళ్ళ దగ్గర సాళ్ళ వెంట పడేట్టు చల్లి, దంతె తోలి మట్టిలో కలిపి మొదళ్ళకు మట్టి ఎగదోయాలి. పదును లేకపోతే ఆగండి. వాన పడ్డాక వెయ్యొచ్చు. 45 రోజులు దాటాక మాత్రం దంతె, గుంటక తోలొద్దు, దిగిన ఊడలు తెగిపోతాయి.

జిప్సంలో మెట్ట రైతుకు కలిసొచ్చే గుణం ఒకటుంది. విత్తేటప్పుడు వేసిన ఎరువు, ఆ తర్వాత వాన రాకపోతే, పెట్టుబడిగా పోయినట్టే. జిప్సం అలా కాదు. నెల రోజుల నాటికి చేను నిలబడిందో లేదో చూసుకుని వేసేది అది. వాన లేక చేను ఎండిపోతే మూటలు తడి తగలకుండా పక్కన పెట్టుకోండి, వచ్చే ఏడాది పనికొస్తుంది, చెడిపోదు. వానలు మొదలయ్యాక అంగట్లో జిప్సం కోసం పరుగెత్తడం కన్నా ముందే రైతు సేవా కేంద్రంలో అడిగి తెచ్చుకోవడం మేలు. పొడి మెత్తగా ఉందా, గడ్డలు ఎక్కువున్నాయా అన్నది చూసి తీసుకోండి.

పొటాష్ గురించి ఒక మాట. పొటాష్ కాయ దగ్గర మట్టిలో ఎక్కువైతే కాల్షియంతో పోటీపడి కాయకు దాన్ని అందనియ్యదు. అందుకే పొటాష్ దుక్కిలోనే లోపలికి పోయేట్టు వెయ్యాలి. గింజ బరువు కోసమని పూత వేళ పొటాష్ పైన చల్లితే లొట్టలు ఇంకా పెరుగుతాయి.

సున్నం పాలు ఎక్కువున్న నల్లనేలల్లో కాల్షియానికి కొదవుండదు. అక్కడ వచ్చే బాధ వేరు. లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ముదిరితే తెల్లగా పాలిపోతాయి. అది ఇనుపధాతు లోపం. ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీటిలో కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారి చేస్తే ఆకు పచ్చబడుతుంది. మొక్కలు గిడసబారి, ఆకులు చిన్నవై గుబురుగా ఉంటే జింకు లోపం కావొచ్చు. 400 గ్రాముల జింకు సల్ఫేటు అదే 200 లీటర్లలో కలిపి, అదే పద్ధతిలో కొట్టాలి. జింకు సల్ఫేటును దుక్కిలో వేసేటట్టయితే సూపర్, డి.ఏ.పి.లతో కలిపి వెయ్యకండి, విడిగా వెయ్యండి.

డబ్బు తక్కువైన ఏడాది

అన్నీ వెయ్యగలిగిన రైతుకు ఇంత వివరం అక్కర్లేదు. అప్పు తెచ్చి రెండు మూడెకరాలు వేసే రైతు సంగతి చెప్పుకోవాలి. నా లెక్క ప్రకారం అందరికన్నా ముందు నిలబెట్టుకోవాల్సింది జిప్సం, ఆ తర్వాత సూపర్, వాటితో రైజోబియం. పశువుల ఎరువు, పొట్టు ఇంట్లో ఉన్నంత. తగ్గించుకోవాల్సి వస్తే ముందు పూత వేళ పోసే యూరియాను, సీసా మందులను మానెయ్యండి. ఏటా డి.ఏ.పి. వేసిన చేనైతే మట్టి పరీక్ష చేయించి భాస్వరం ఎక్కువుందని తేలితే సూపర్ కూడా ఒక మూటతో సరిపెట్టుకోవచ్చు. గంధకం లోటును జిప్సం తీరుస్తుంది.

కౌలు రైతు పరిస్థితి ఇంకోలా ఉంటుంది. ఈ ఏడాది తోలిన ఎరువు ఫలితం మూడేళ్ళు ఉంటుంది, వచ్చే ఏడాది చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. పది బండ్ల ఎరువు తోలమని అతనికి చెప్పడం న్యాయం కాదు. ఒక ఏడాది కౌలుకు తీసుకున్నవాళ్ళు ఆ ఏడాదే ఫలితమిచ్చే సూపర్, జిప్సం, విత్తనానికి పట్టించే రైజోబియం మీద పెట్టుకుంటే చాలు. మంద కట్టించాలన్నా, ఎరువు తోలాలన్నా ఆ ఖర్చు కౌలులో తగ్గించమని ఆసామిని ముందే అడగాలి. కొన్ని ఊళ్ళలో ఇస్తున్నారు.

జిప్సం మీద నమ్మకం కుదరనివాళ్ళు ఈ ఖరీఫ్‌లో ఒక పని చేసి చూడండి. చేను మధ్యలో ఎనిమిది సాళ్ళు జిప్సం వెయ్యకుండా వదిలి, రెండు చివర్లా కొయ్యలు పాతండి. మిగతాదంతా మామూలుగానే. పీకేటప్పుడు వదిలిన సాళ్ళలో పది మొక్కలు, పక్క సాళ్ళలో పది మొక్కలు వేరువేరుగా పెట్టుకుని, కాయలు కోసి లెక్కపెట్టి, ఒలిచి లొట్టలు ఎన్నో రాసుకోండి. గింజలను తూకం కూడా వెయ్యండి. మొక్కలను గట్టుకు దగ్గరి సాళ్ళలోంచి తియ్యొద్దు, అక్కడ తడి, నీడ తేడా ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది.